ముందు లాయరు, తర్వాతే బావగారు

లేఆఫ్ మెయిల్ వచ్చిన ఇంట్లో అప్పులు తీర్చే వరస దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు రిటైర్మెంట్ ఖాతా 401కె ఖాళీ అవుతుంది. తర్వాత ఒంటిమీది బంగారం. ఆపైన బావగారు, ఇంజనీరింగ్ క్లాస్‌మేట్లు. ఇక ఎక్కడా అప్పు పుట్టక, కార్డు కంపెనీ కోర్టుకెక్కాక, అప్పుడు లాయరు. అమెరికాలో ఈ వరసే మనల్ని ముంచుతోంది. లాయరు మొదట ఉండాలి.

ఫ్రిస్కోలో నాకు తెలిసిన ఒక జంట సరిగ్గా ఇలాగే చేశారు. దివాలా లాయరు వాళ్ల కాగితాలు తిరగేసి రెండే ప్రశ్నలు అడిగారు. "401కె ఎందుకు తీశారు?" అన్నది మొదటిది. ఆ సొమ్ము ఖాతాలో ఉన్నంతకాలం దివాలాలో కూడా అప్పులవాళ్లకు అందదు. వీళ్లేమో పన్నుతో పాటు 10 శాతం జరిమానా కట్టి మరీ బయటికి తీసి, కోర్టు రద్దు చేయగలిగిన కార్డు బాకీలకు పోశారు. "ఈ ఏడాదిలో చుట్టాలకేమైనా తిరిగిచ్చారా?" అన్నది రెండోది. ఇచ్చారు. మాట పోకూడదని బావగారి బాకీ ముందే తీర్చేశారు. దివాలాకు ముందు ఏడాదిలోపు దగ్గరి బంధువులకు అలా కట్టిన డబ్బును దివాలా కేసు చూసే ట్రస్టీ వెనక్కి రాబట్టవచ్చు. పరువు కోసం చేసిన పని బావగారి మెడకే చుట్టుకుంటుంది.

టొరంటోలో ఉన్న తమ్ముడు కన్స్యూమర్ ప్రపోజల్ వేసుకోమంటాడు. అది కెనడా చట్టం. ఇక్కడ దానికి దగ్గరగా ఉన్నది దివాలా చట్టంలోని చాప్టర్ 13. మూడు నుంచి ఐదేళ్లు రాబడిని బట్టి కట్టుకుంటూ ఇల్లు నిలబెట్టుకోవచ్చు. మీ బాకీకి పూచీ సంతకం పెట్టిన స్నేహితుడికీ కొంత రక్షణ దొరుకుతుంది. చాప్టర్ 7లో చాలా బాకీలు కొన్ని నెలల్లోనే రద్దవుతాయి, కానీ మినహాయింపు లేని ఆస్తిని ట్రస్టీ అమ్మవచ్చు. చాప్టర్ 7కు అర్హత తేల్చేటప్పుడు కేసు వేసే నెలకు ముందు ఆరు నెలల ఆదాయం సగటు చూస్తారు. అందుకే లేఆఫ్ తర్వాత ఏ నెలలో కేసు వేశామన్నది కూడా ముఖ్యమే. ఇంటికి దొరికే రక్షణ టెక్సస్‌లో ఒకలా, న్యూజెర్సీలో ఇంకోలా ఉంటుంది. ఈ లెక్క వాట్సాప్ గ్రూపులో తేలేది కాదు.

ఇంకో సంగతి. శంషాబాద్ దగ్గర ప్లాటు, ఊళ్లో నాన్నగారు రాసిచ్చిన అరెకరం, చిట్టీ డబ్బు: ప్రపంచంలో ఎక్కడున్నా అన్నీ దివాలా కాగితాల్లో చూపించాలి. కావాలని దాస్తే అది నేరం, జైలు దాకా వెళుతుంది. కేసుకు ముందు గాభరాగా అమ్మ పేరు మీదికి మార్చినా చిక్కే.

సలహా ఎవరిదన్నదీ చూసుకోండి. సగానికి సెటిల్ చేస్తామని ఫోన్ చేసేవాళ్లు ఒక్క బాకీ కూడా తేల్చకముందే ఫీజు అడిగితే ఫోన్ పెట్టేయండి. 2010 నుంచి ఫెడరల్ నిబంధన దాన్ని నిషేధించింది. దివాలా వేసే ముందు 180 రోజుల్లోపు గుర్తింపు పొందిన సంస్థ దగ్గర క్రెడిట్ కౌన్సెలింగ్ ఎలాగూ తప్పనిసరి. ఆ సంస్థల జాబితా న్యాయశాఖలోని యూఎస్ ట్రస్టీ విభాగం వెబ్‌సైట్‌లో ఉంటుంది. దివాలా అవసరం లేకుండా వడ్డీ తగ్గించి కట్టే ప్రణాళిక కుదురుతుందేమో అక్కడే అడగవచ్చు. తొలి భేటీకి ఫీజు తీసుకోని దివాలా లాయర్లు చాలామంది ఉన్నారు. దివాలా వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, హెచ్1బీ మీద ఉన్నా వేయవచ్చు. వీసా గురించి బెంగ ఉంటే ఇమిగ్రేషన్ లాయరునూ ఒక మాట అడగండి.

"ఐపీ పెట్టాడట" అని నలుగురూ అంటారన్న భయమే మనవాళ్లను దివాలా లాయరు గుమ్మం తొక్కనివ్వడం లేదు. చట్టం ఇచ్చిన దారిలో నడవడం తప్పెలా అవుతుంది? తానా, ఆటా, నాటా లాంటి తెలుగు సంఘాల పెద్దలను నేను కోరేది ఒక్కటే. ఈసారి మహాసభల్లో ఒక గంట దివాలా లాయరుకివ్వండి. పేర్లు అడగకుండా ప్రశ్నలు తీసుకోండి.