పల్లెకు బండి, బండికి వేళ

తలుపుల, నల్లచెరువు, గాండ్లపెంట, తనకల్లు మొదలగు మండలముల జనులు చదువునకును, వైద్యమునకును, సంతకును నిత్యము కదిరికి వచ్చుచుందురు. దారి బాగుగనే యున్నను, బండి యెప్పుడు వచ్చునో తెలియక చెట్టునీడను కాచుకొనువారు పెక్కుమంది. పరీక్షదినమున గంట మ్రోగిన పిమ్మట పరుగున వచ్చు బాలుని సోమరి యనుట న్యాయమా? అతడు ఇల్లు వెడలినది తెల్లవారకమునుపే గదా!

2025 ఆగస్టు 15వ తేదిన మన రాష్ట్రమున స్త్రీశక్తి పథకము మొదలయ్యెను. దానివలన స్త్రీలకు పల్లెవెలుగు బస్సులయందు ఛార్జీ లేకుండ ప్రయాణము లభించినది. ఇది గొప్ప మేలు. అయినను బస్సు పోని పల్లెకు షేర్ ఆటోయే దిక్కు. అది నిండువరకు కదలదు. నిండిన తరువాతను ఇంకను ఎక్కించుకొనును. ఇది కేవలము నడుపువాని దురాశ కాదు. త్రోవలో నెవరు దొరకుదురో యెరుగనివాడు దొరికినవారినెల్ల నెక్కించుకొనును. అపాయము మాత్రము అందరిదియు.

1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి కాంట్రాక్టు క్యారేజీ ముందుగా ఒప్పుకొన్నవారినే కొనిపోవలెను. నడుమ ఇతరులను ఎక్కించుకొనరాదు. ఆటోలకు సాధారణముగ నుండునది ఈ పర్మిటే. కావున పల్లెలలో తలకొక బాడుగ చొప్పున పంచుకొను ప్రయాణమునకు ప్రభుత్వము తగిన అనుమతియు, బాడుగ నిర్ణయమును ఏర్పరుపవలెను.

బెంగుళూరున 2022లో ఆటో నడుపువారి సంఘపు తోడ్పాటుతో నమ్మ యాత్రి యను యాప్ వెలసినది. అది సవారిసవారికి కమీషను తీయక, నడుపువారియొద్ద స్వల్ప రుసుము గైకొను పద్ధతిని పాటించెను. మనకును అట్టిది కావలెను. కాని ఇచట లెక్కింపవలసినది బండిని గాదు, బండిలోని చోటును. ఏ యూరినుండి, ఏ వేళకు, ఎందరు బయలుదేరుదురో ముందుగా తెలిసినచో నడుపువాడు వేళకు కదలును, మితిమీరి యెక్కింపడు. చదువురాని అవ్వయు ఒక్క ఫోనుపిలుపుతో తన చోటు చెప్పుకొనగలుగవలెను. ఆడపిల్ల యెక్కిన బండి నంబరు ఆమె యింటివారికి తెలియవలెను. ఆమె ఫోను నంబరు మాత్రము పరులకు తెలియరాదు.

విద్యార్థులారా! దీనికై యాప్ వచ్చువరకు కాచుకొననేల? మీ తరగతిలో నెవరు ఏ యూరివారో, ఏ వేళకు బయలుదేరవలెనో ఒక్క కాగితముపై వ్రాయుడు. తలిదండ్రులు దానిని జూచి, నమ్మకముగల నడుపువానితో వేళయు, బాడుగయు, ఎక్కువారి సంఖ్యయు కుదుర్చుకొందురు గాక. కాగితముపై కుదిరిన మాటయే రేపు ఫోనులో నిలుచును. మాట కుదరనిచోట ఎంత మంచి ఫోనైనను బండిని వేళకు తేజాలదు.