పుట్టింటి వాటా

మణికొండలో మా వీధిన ఏ ఇల్లు చూసినా ఒకరో ఇద్దరో అమెరికాలో ఉన్నవారే. అందుచేత ఇక్కడి పెద్దవాళ్ళకు మన శాసనసభ కంటే కాలిఫోర్నియా సంగతులే బాగా తెలుసు. మొన్న మేడమీద వడియాలు పెడుతూ పక్కింటావిడ అడిగింది: "అక్కడ రాష్ట్రానికో రాజ్యాంగం ఉందటగా అండీ! మనకు దేశానికల్లా ఒక్కటేనేం?"

ఉన్నమాటే. కేంద్ర రాజ్యాంగం ఇచ్చిన హక్కును అక్కడి రాష్ట్రాలు తగ్గించరాదు గాని, పెంచవచ్చు. సొంతదారు అంగళ్ళ సముదాయంలో కరపత్రాలు పంచే హక్కు దేశ రాజ్యాంగంలో లేదని 1972లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత కాలిఫోర్నియాలో హైస్కూలు పిల్లలు అలాంటిచోటే సంతకాలు సేకరించబోతే కాపలావాడు పొమ్మన్నాడు. మా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం వాళ్ళకా హక్కుందని అక్కడి కోర్టు అంటే, 1980లో పెద్దకోర్టూ సరేనంది. మన మాల్స్‌లో ప్రయత్నించమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను!

మనకలా కాదు. జమ్మూకాశ్మీరుకు ఒక్కదానికే వేరే రాజ్యాంగం ఉండేది. 2019తో అదీ పోయింది. అయితే వారసత్వం ఉమ్మడి జాబితాలోది గనక రాష్ట్రాలకూ కాస్త చోటుంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం మటుకు సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుహక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కేంద్రం ఆ పని చేసేసరికి 2005 అయింది. ఇరవై ఏళ్ళు!

కాని అందులో ఒక మెలిక. ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడపిల్లకు వాటా లేదు. అక్కకు 1984లో పెళ్ళయితే సున్న, చెల్లెలికి 1986లో అయితే సమభాగం. సంబంధం కుదరక ఆలస్యమైనవారే అదృష్టవంతులన్నమాట. ఆ గీతను 2005 కేంద్ర చట్టం చెరిపేసింది. అప్పటికి తండ్రి బతికుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో చెప్పింది.

నేలను గజాల లెక్కన అమ్ముకునే మా పక్క ఆ అక్కగారి వాటా చిన్నదేమీ కాదు. అయినా పసుపు కుంకుమ కింద ఏదో చేతిలోపెట్టి, హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకునే అన్నదమ్ములు ఇంకా ఉన్నారు. అమ్మాయిలూ, కలం పట్టేముందు అది తాతతండ్రుల ఆస్తా, నాన్నగారి స్వార్జితమా కనుక్కోండి. స్వార్జితమైతే ఆయన విల్లు ఎవరి పేరనైనా రాయవచ్చు. "ఎప్పుడో పంచుకున్నాం" అంటే కాగితం చూపమనండి. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాన్నీ, కోర్టు డిక్రీతో జరిగినదాన్నీ తిరగదోడరు. ఉత్త నోటిమాట పంపకాన్ని కోర్టులు అంత సులువుగా నమ్మవు.