ఫోర్డ్ బ్రతికి ఉంటే బెంగాల్ బ్రతికేదా?

కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ పేరు తెలుగువారికి చందుర్తి యుద్ధంతో పరిచితం. విజయనగర ప్రభువు ఆనందగజపతి కోరికపై 1758లో క్లైవ్ కలకత్తా నుంచి పంపిన ఈ సేనాని, ఆ ఏడాది డిసెంబరులో పిఠాపురం చేరువలోని చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను వశపరచుకున్నాడు. ఉత్తర సర్కారులపై ఇంగ్లీషువారి పెత్తనానికి అదే పునాది. అయితే చరిత్రకు ఒక ప్రశ్నను మిగిల్చింది మాత్రం ఆయన మరణం.

1765లో బెంగాల్ దివానీ హక్కులు పొందిన ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగుల అక్రమార్జనను అదుపు చేయలేకపోయింది. అందుకే 1769లో వాన్‌సిటార్ట్, స్క్రాఫ్టన్, ఫోర్డ్‌లను పర్యవేక్షకులుగా నియమించి, కలకత్తా కౌన్సిల్‌ను సైతం కాదనగల అధికారాలతో లండన్ నుంచి పంపింది. వారు ఎక్కిన ‘అరోరా’ నౌక డిసెంబరులో గుడ్‌హోప్ అగ్రం రేవును విడిచింది. ఆ తరువాత దాని జాడ తెలియలేదు.

అప్పటికే బెంగాల్‌లో వానలు లేక పంటలు ఎండిపోయాయి. 1770 నాటి కరవులో జనాభాలో మూడో వంతు, అంటే సుమారు కోటి మంది మరణించారన్నది నాటి అంచనా. ఈ సంఖ్యపై నేటి పరిశోధకులలో భేదాభిప్రాయాలున్నా, విపత్తు తీవ్రతను కాదన్నవారు లేరు. నౌక క్షేమంగా చేరి ఉంటే ఆ ముగ్గురూ నడి కరవులో కలకత్తాలో దిగేవారు.

అప్పుడు పరిస్థితి మారేదా? వాన్‌సిటార్ట్ లోగడ గవర్నరుగా ఉద్యోగుల సొంత వ్యాపారాలకు కళ్లెం వేయబోగా కౌన్సిల్ అడ్డుకుంది. ఈసారి ఆ అడ్డు ఉండేది కాదు. ధాన్యం వ్యాపారంలో లాభాలు దండుకున్నవారికైనా భయం ఉండేదేమో. కానీ మీర్ ఖాసిం గద్దెనెక్కినప్పుడు భారీ కానుకలు అందుకున్నదీ ఆ వాన్‌సిటార్టే. పైగా ఈ పర్యవేక్షకులను పంపింది కంపెనీ రాబడిని కాపాడడానికే గాని రైతును కాపాడడానికి కాదు. 1771లో శిస్తు వసూళ్లు కరవుకు ముందరి 1768 నాటి వసూళ్లను మించాయని, అది బలప్రయోగంతోనే సాధ్యమైందని వారన్ హేస్టింగ్స్ స్వయంగా రాశాడు. కోటి చావుల తరువాత కూడా శిస్తు తగ్గించని వ్యవస్థను ఒక సేనాని మార్చగలిగేవాడని నమ్మడం కష్టం.

నౌక మునకతో ఆలస్యమైంది సంస్కరణ మాత్రమే. కంపెనీ దివాలా అంచుకు చేరాకగాని బ్రిటిష్ పార్లమెంటు 1773లో రెగ్యులేటింగ్ చట్టం చేయలేదు. ప్రజల ప్రాణాలు పోయినప్పుడు కదలని పాలన, ఖజానా ఖాళీ అయినప్పుడు కదిలింది. పర్యవేక్షకులు ఎంత సమర్థులన్నది కాదు, వారు ఎవరికి జవాబుదారులన్నదే అసలు ప్రశ్న. పాలకుల తప్పొప్పులను విచారించే ప్రతి సంఘానికీ నేటికీ ఇదే గీటురాయి.