పెరుగన్నం చేసిన నేరం

ఫిబ్రవరిలో ఊరెళ్తే మా సీనుగాడు ఒళ్లంతా గోక్కుంటున్నాడు. చిలకలూరిపేట దగ్గర మా మిరపకల్లానికి కాపలా కాసే నాటు కుక్క వాడు. గుంటూరు తీసుకెళ్లి చూపించాం. "అన్నం పెడుతున్నారా? కుక్కకి అన్నం విషమండీ!" అంటూ డాక్టరుగారు బల్ల మీది ప్యాకెట్ ముందుకు జరిపారు. తొమ్మిదేళ్లుగా పెరుగన్నం కలిపి పెడుతున్న మా అమ్మ తప్పు చేసినదానిలా తలొంచుకుంది. నా పేచీ అక్కడే.

"విషమైతే తొమ్మిదేళ్లు ఎలా బతికాడు?" అని అడగను. అది వాదన కాదు. బతకడం వేరు, బాగుండటం వేరు. కానీ 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన ఏం చెప్పింది? పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలులో కంటే కుక్కలో చాలా ఎక్కువని. మనిషి పక్కన బతికే కుక్క కడుపు మనిషి తిండికి అలవాటుపడింది. పైగా ఆ ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు మొక్కజొన్న! మన బియ్యం విషం, వాళ్ల మొక్కజొన్న పౌష్టికాహారమా?

డాక్టరుగారు చెప్పాల్సిన మాటలు వేరే ఉన్నాయి. వట్టి పెరుగన్నంలో మాంసకృత్తులు చాలవు. ఉల్లిపాయ పడిన కూర కలిపితే కుక్క ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. మా ఇంట్లో నిజంగా ప్రమాదమైనది ఆ కూరే. దాని గురించి ఆయన అడగనే లేదు. బగ్ ఎక్కడుందో చూడకుండా కోడ్ మొత్తం తీసి పారేయమంటే మా ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు. ముద్దని సరిదిద్దమనండి, దిద్దుకుంటాం. ముద్ద పెట్టిన మనిషిని ముద్దాయిని చేయకండి.

ఇప్పుడు అమ్మ అన్నంలో ఉడికించిన గుడ్డు కలుపుతోంది. కూర మానేసింది. ఇంతకీ ఆ గోకుడు? ఇంకో డాక్టరు చెవి మడత ఎత్తి చూపించారు: గోమార్లు.