కువైట్‌లో చవకగా ఎక్కడ తినాలి? (గల్ఫ్ కబుర్లు - 6)

కువైట్ పోతున్న మా పక్కూరి తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఆడ చవగ్గా యాడ తినొచ్చో చెప్పు" అన్నాడు. చెప్పాను. కానీ నాకు తెలిసిన జవాబులో సగమే చెప్పాను. రెండో సగం ఇక్కడ రాస్తున్నా.

ముందు ధరల సంగతి. దినారుకు వెయ్యి ఫిల్సులు. నేనున్న రోజుల్లో ఇరానీ రొట్టె 20 ఫిల్సులు. పొయ్యి గోడ మీంచి లాగి వేడివేడిగా చేతికిస్తారు, చాటంత ఉంటుంది. అక్కడి ప్రభుత్వం పిండికి సబ్సిడీ ఇస్తుంది కాబట్టి ఆ ధర. దాంట్లోకి ఫూల్, అంటే చిక్కుడు లాంటి గింజల్ని ఉడకబెట్టి మెదిపిన కూర. జీతం ఆపిన రెండు నెలలు నన్ను బతికించింది ఆ రొట్టే. చేతిలో డబ్బులాడితే అబ్బాసియాలో మలయాళీ హోటళ్లు. పరోటా, బీఫ్ ఫ్రై, సులేమాని చాయ్. మధ్యాహ్నం లావు బియ్యం అన్నం, చేపల కూర. మారన్నం అడిగితే ముఖం చిట్లించరు.

మొదటిసారి అక్కడికి పోయినప్పుడు అలవాటు కొద్దీ మూల బెంచీ వెతుక్కున్నా. సర్వర్ కుర్రాడు మధ్య టేబుల్ చూపించి, అందరికీ పెట్టిన గ్లాసే నా ముందు పెట్టాడు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మైపాడు వైపు మా సముద్రపు ఊళ్లో టీ కొట్టు చూరులో ఆయన గ్లాసు దోపి ఉండేది. తానే తీసుకోవాల, తానే కడిగి మళ్లీ దోపాల. హోటల్లో అంటరానితనం పాటించడం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. మా నాన్న గ్లాసు 1990ల్లో కూడా చూరులోనే ఉంది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికా, లండన్ చదువుల్లో ఉన్నన్నాళ్లూ తాను అంటరానివాడినన్న మాటే మర్చిపోయానని బాబాసాహెబ్ రాసుకున్నారు. 1917లో ఉద్యోగానికి బరోడా వస్తే ఉండటానికి గది దొరకలేదు. పార్సీ పేరుతో పార్సీ సత్రంలో దిగితే కర్రలతో వచ్చి గెంటేశారు. అందుకే మనకు చవక హోటల్ లెక్క ఒక్క ఫిల్సుల్లో తేలదు. అక్కడ కూర్చోవడానికి ఏం దాచుకోవాల్సి వచ్చిందో అది కూడా బిల్లులో కలపాలి.

అట్లాగని కువైట్‌ను స్వర్గం చేయబాకండి. చాలా హోటళ్లలో ఫ్యామిలీ సెక్షన్ వేరే ఉంటుంది, మనలాంటి ఒంటరి కూలీలకు అందులోకి ప్రవేశం లేదు. పైగా ఈ చవక హోటళ్లన్నీ మగాళ్ల లోకం. కోట వైపు నుంచి ఖద్దామాగా వచ్చిన ఒక అక్క మూడేళ్లలో ఒక్క హోటల్ కూడా చూడలేదు. సేటమ్మ వాళ్లు తినగా మిగిలిందే ఆమె తిండి. ఒక శుక్రవారం సెలవిస్తే చర్చికి వచ్చింది. ప్రార్థన అయినాక మేమంతా కలిసి పరోటా తినడానికి తీసుకుపోయాం. సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టుకుంది. "రేత్రికి ఉంటాదిలే తమ్ముడా" అంది.

ఇక తెలుగు మెస్ సంగతి. నెలవారీ, అన్నిటికంటే చవక, పులుపు కారం సరిగ్గా మన నెల్లూరు చేపల పులుసే. డబ్బులు కట్టేటప్పుడు ఓనరు, "ఏ ఊరబ్బయా? ఊళ్లో ఏ పక్క?" అన్నాడు. సముద్రం దాటొచ్చాం, ఆ ప్రశ్న మాత్రం మాకంటే ముందే విమానం దిగింది. తర్వాత తెలిసింది, ఆ పులుసు కాచేది మా తాలూకా పల్లె మనిషే. పనిలో చేరేటప్పుడు అతనికి ఓనరు పెట్టిన షరతు: "ఊరు చెప్పు, పేట చెప్పబాక. కస్టమర్లు పోతారు."

మన దగ్గర కులం పేరు బోర్డు మీద రాసుకుని హోటల్ నడిపేవాళ్లున్నారు, అదేదో రుచికి గ్యారంటీ అయినట్టు. మాల మెస్, మాదిగ మెస్ అని బోర్డు ఎక్కడన్నా చూశారా? చెయ్యి మనదే, పేరు వాళ్లది.

ఆ వంట మనిషి ఏడాది తిరక్కుండా మలయాళీ హోటల్లో పరోటా మాస్టర్‌గా చేరిపోయాడు. జీతం కొంచెం తక్కువే. అయినా పోయాడు.

తమ్ముడికి రేపు మళ్లీ ఫోన్ చేస్తా. మెస్‌కు పోతే ఓనరు ఏమడుగుతాడో ముందే చెప్పి, పేటతో సహా చెప్పమంటా. భోజనం పెట్టకపోతే, ఇరానీ రొట్టె పొయ్యి అక్కడికి నాలుగు అడుగులే.

జై భీమ్.