ఏడు కప్పులు, నాలుగు పేర్లు

రెండేళ్ల కిందట చలికాలంలో ఆఫీసు పని మీద నాలుగు నెలలు నెదర్లాండ్స్ వెళ్లా. "ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నా" అని ఊరంతా టాంటాం చేశాక తెలిసింది, పోస్టింగ్ గ్రోనింగెన్‌లో అని. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఈశాన్యం వైపు రైల్లో రెండు గంటల పైమాటే. "అదెక్కడ్రా?" అంది అమ్మ. ఊరి పేరు పలకడం కూడా నాకు సరిగ్గా రాలేదు. అక్కడివాళ్లు మొదటి ‘గ’ని గొంతు సవరించుకుంటున్నట్టు, మన ‘ఖ’కి దగ్గరగా పలుకుతారు.

రెండో వారంలో మా టీమ్ లీడ్ నా చేతిలో ఒక టికెట్ పెట్టాడు. శనివారం సాయంత్రం బాస్కెట్‌బాల్ మ్యాచ్. చోటు మార్టినిప్లాజా. పేరు వినగానే నేనేదో బార్ అనుకున్నా గానీ, ఆ మార్టిని మందు కాదట. ఊరి పెద్ద చర్చికి పేరిచ్చిన సెయింట్ మార్టిన్. ఎగ్జిబిషన్లు, నాటకాలు, కచేరీలు అన్నీ జరిగే హాలది. బాస్కెట్‌బాల్‌కి 4 వేల మంది పైచిలుకు పడతారు.

లోపలికెళ్లి కూర్చున్నా. నా పక్కనున్న పెద్దాయన మెడలో స్కార్ఫ్ మీద ‘ఫ్లేమ్స్’ అని ఉంది. ముందు వరసలో ఒకావిడ పాత టీషర్ట్ మీద ‘క్యాపిటల్స్’. కోర్టులో ఆడుతున్న లోకల్ టీమ్ పేరేమో ‘డోనార్’. చచ్చాం, అవతలి టీమ్ ఫ్యాన్స్ మధ్యలో కూర్చోబెట్టాడ్రా బాబూ అనుకున్నా. కాసేపాగి చూస్తే అందరం ఒకే బాస్కెట్‌కి చప్పట్లు కొడుతున్నాం.

హాఫ్‌టైమ్‌లో మా లీడ్‌ని అడిగితే నవ్వాడు. "అన్నీ మేమే" అన్నాడు.

ఉరుముల దేవుడి పిల్లలు

డోనార్ అంటే పాత జర్మానిక్ జాతుల ఉరుముల దేవుడు. మార్వెల్ సినిమాల్లో సుత్తి పట్టుకుని తిరిగే థోర్ ఉన్నాడు కదా, ఆయనే. డచ్‌లో గురువారాన్ని డోండర్‌డాఖ్ అంటారు. మనకు గురువారం బృహస్పతిది, వాళ్లకి ఈయనది.

గ్రోనింగెన్ విద్యార్థుల ఊరు. అక్కడి యూనివర్సిటీ 1614లో పెట్టింది. 1881లో ఆ ఊరి విద్యార్థులు ఒక క్రీడా సంఘం పెట్టుకుని దానికి ఈ దేవుడి పేరు పెట్టారు. అప్పటికి బాస్కెట్‌బాల్ అనే ఆటే పుట్టలేదు. అమెరికాలో జేమ్స్ నైస్మిత్ పండ్ల బుట్టలు గోడకి వేలాడదీసింది 1891లో. అంటే సంఘం ఆటకంటే పదేళ్లు పెద్దది. బాస్కెట్‌బాల్ విభాగం మొదలైంది 1951లో.

విద్యార్థుల సరదా కాస్తా జీతాలిచ్చే ప్రొఫెషనల్ టీమ్ అయ్యేసరికి డబ్బు కావాల్సొచ్చింది. నెదర్లాండ్స్‌లో జనం కళ్లు, టీవీ డబ్బులు ఫుట్‌బాల్‌కే ఎక్కువ. బాస్కెట్‌బాల్ క్లబ్‌కి టికెట్ల మీద వచ్చేదాంతో అమెరికా నుంచి ఆటగాళ్లని తెచ్చుకోవడం కష్టం. అందుకని అక్కడి క్లబ్బులు తమ దగ్గరున్న అన్నిటికంటే ఖరీదైన వస్తువుని అమ్మకానికి పెట్టాయి. అది వాటి పేరు.

మన ఐపీఎల్‌లో స్పాన్సర్ లోగో చొక్కా మీద ఉంటుంది. అక్కడ స్పాన్సరే టీమ్ పేరైపోతాడు. పేపర్లో స్కోరు వేసినా, టీవీలో చదివినా కంపెనీ పేరు పలకాల్సిందే.

నాలుగు పేర్లు

ఆ రాత్రి రూమ్‌కెళ్లి అలవాటు కొద్దీ ఎక్సెల్ షీట్ తెరిచా. ఒక కాలమ్‌లో సంవత్సరం, ఇంకో కాలమ్‌లో ఛాంపియన్ పేరు. 1982: నేషనాలె-నెడర్లాండెన్ డోనార్. 2004: ఎంపీసీ క్యాపిటల్స్. 2010: గ్యాస్‌టెర్రా ఫ్లేమ్స్. 2014: మళ్లీ ఫ్లేమ్స్. 2016, 2017, 2018: డోనార్.

ఇది ఏ టీమ్‌కి ఎన్ని టైటిల్సో లెక్కపెట్టమని కంప్యూటర్‌కిస్తే నాలుగు వేర్వేరు టీములని చెబుతుంది. కానీ అవి ఏడూ ఒక్క క్లబ్‌వే.

మొదటిది ఇన్సూరెన్స్ కంపెనీ. దేశంలో పెద్ద బీమా సంస్థల్లో ఒకటైన నేషనాలె-నెడర్లాండెన్ డబ్బుతో 1982లో తొలిసారి జాతీయ ఛాంపియన్ అయ్యారు. ఆ తర్వాత ఆ పేరు పోయింది, ఇంకోటి వచ్చింది, మరోటి వచ్చింది. రెండో టైటిల్ కోసం 22 ఏళ్లు ఆగాల్సొచ్చింది. అయితే అన్నేళ్లూ ముందు ఎవరి పేరు తగిలించుకున్నా చివర్లో ‘డోనార్’ ఉండేది. ఇంటిపేరు మారినా సొంత పేరు మిగిలినట్టు.

2003లో అదీ పోయింది. ఎంపీసీ డోనార్ కాస్తా ‘ఎంపీసీ క్యాపిటల్స్’ అయింది. మరుసటి ఏడాదే కప్పు గెలిచారు కాబట్టి గట్టిగా గొడవ చేయడానికీ లేకుండా పోయింది. 2006లో రియల్ ఎస్టేట్ పెట్టుబడుల కంపెనీ వచ్చి ‘హాంజెవాస్ట్ క్యాపిటల్స్’ అయింది. 2009లో గ్యాస్ అమ్మే కంపెనీ వచ్చింది. గ్యాస్ అంటే మంట కదా, ‘గ్యాస్‌టెర్రా ఫ్లేమ్స్’ అయింది.

ఒక్క వీళ్లే కాదు, దేశమంతా ఇదే కథ. డెన్ బాష్ ఊరి క్లబ్ కొన్నేళ్లు ‘ఈఫెల్ టవర్స్’ పేరుతో ఆడింది. పారిస్ టవర్ అక్కడికెలా వచ్చిందా అనుకోకండి, ఈఫెల్ అనేది స్పాన్సర్ కంపెనీ. తర్వాత ‘ఎస్‌పీఎం షూటర్స్’, ఇప్పుడు ‘హీరోస్’. లైడెన్ క్లబ్ పేరులోని ‘జెడ్‌జెడ్’ ఒక హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థది. వీళ్ల లిస్టు వరసగా చదివితే నలభై ఏళ్లలో ఆ దేశంలో ఎవరి దగ్గర డబ్బుందో తెలిసిపోతుంది.

కంపెనీకి నష్టమొస్తే ముందు కత్తెర పడేది స్పాన్సర్‌షిప్ మీదే. ఎక్కడో ఉరుము ఉరిమితే మంగలం మీద పడ్డట్టు, ఆటతో సంబంధం లేని లెక్కల్లో టీమ్ పోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌నే చూడండి. రాజధాని క్లబ్ 2008లో, 2009లో వరసగా దేశ ఛాంపియన్. 2011కల్లా టీమే లేదు. పేరు పోవడం కాదు, మొత్తం మూతపడింది.

మంట కింద నేల

గ్రోనింగెన్ కథలో అసలు బరువున్న భాగం ఆ ఫ్లేమ్స్ సంవత్సరాలు. 1959లో ఆ ఊరికి దగ్గర్లో, స్లోఖ్టెరెన్ దగ్గర పొలాల కింద గ్యాస్ బయటపడింది. యూరప్‌లోనే అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి. దేశమంతా వంటిళ్లు, హీటర్లు ఆ గ్యాస్‌తోనే నడిచాయి. ప్రభుత్వ ఖజానా దాంతో నిండింది. షెల్, ఎక్సాన్ కలిసి నడిపే నామ్ అనే కంపెనీ తవ్వి తీసేది. గ్యాస్‌టెర్రా అమ్మేది. గ్యాస్‌టెర్రాలో సగం వాటా డచ్ ప్రభుత్వానిది, మిగతా సగం షెల్, ఎక్సాన్‌లది. ఆఫీసు గ్రోనింగెన్‌లోనే.

కింద నుంచి అంత గ్యాస్ తీసేస్తే పైన నేల ఊరుకోదు. చిన్న చిన్న భూకంపాలు మొదలయ్యాయి. 2012 ఆగస్టు 16న హౌజింగె దగ్గర 3.6 తీవ్రతతో వచ్చింది. మనకి 3.6 చిన్న సంఖ్యే. కానీ అది భూమికి బాగా దగ్గరలో, పాత ఇటుక ఇళ్ల కింద వచ్చింది. గోడలు బీటలు వారాయి. వేలాది కుటుంబాలు నష్టపరిహారం కోసం ఏళ్ల తరబడి ఫారాలు నింపుతూనే ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో డచ్ పార్లమెంటు విచారణ సంఘం ఈ ప్రాంత ప్రజల ప్రయోజనాల్ని దశాబ్దాలపాటు పక్కన పెట్టేశారని తేల్చింది. ఆ ఏడాది అక్టోబర్ 1న గ్యాస్ తీయడం ఆపేశారు. 2024లో చట్టం చేసి శాశ్వతంగా మూసేశారు.

ఇప్పుడు ఒక అభిమానిలా ఆలోచించండి. మీ అమ్మగారి ఇంటి గోడ బీటలు వారింది గ్యాస్ వల్ల. మీ టీమ్ కప్పు గెలిచింది గ్యాస్ డబ్బుతో. శనివారం సాయంత్రం మీరు హాల్లో నిలబడి అరవాల్సిన పేరు ‘ఫ్లేమ్స్’. అరుస్తారా, మానేస్తారా?

అరిచారు. 2010లో కప్పు గెలిచినప్పుడు అరిచారు. 2011 ఫైనల్లో ఇంకా గట్టిగా అరిచి ఉంటారు. ఆ ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది, లైడెన్‌తో. ఆట సమం. ఓవర్‌టైమ్ సమం. రెండో ఓవర్‌టైమ్ కూడా సమం. మూడో ఓవర్‌టైమ్‌లో లైడెన్ 96–95తో గెలిచింది. సీజనంతా ఆడి ఒక్క పాయింట్‌తో పోయింది. డచ్ బాస్కెట్‌బాల్ అభిమానులు ఆ రాత్రి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా లీడ్ వాళ్ల అమ్మగారి ఇల్లు ఊరికి ఈశాన్యంగా ఒక పల్లెలో. పడగ్గది గోడ మీద పగులు ఫొటో ఫోన్‌లో చూపించాడు. అదే గ్యాలరీలో రెండు స్వైపుల తర్వాత, ఫ్లేమ్స్ స్కార్ఫ్ కప్పుకుని నవ్వుతున్న వాళ్ల చిన్నారి. "అది మా అమ్మాయి మొదటి మ్యాచ్" అన్నాడు. "కంపెనీ మీద కోపం ఉంది. స్కార్ఫ్ మీద ఎందుకుంటుంది?"

ఆ జవాబు నాకు చాలాకాలం గుర్తుండిపోయింది.

మళ్లీ పాత పేరు

2014లో ఫ్లేమ్స్ మరోసారి ఛాంపియన్ అయింది. ఆ వేసవిలోనే గ్యాస్‌టెర్రా పేరు దిగిపోయింది. ఈసారి క్లబ్ ఇంకో కంపెనీ పేరు తగిలించుకోలేదు. ముందూ వెనకా ఏమీ లేకుండా ‘డోనార్’ అని పెట్టుకుంది. చొక్కా నిండా స్పాన్సర్ల లోగోలు ఉంటాయి, పేరు మాత్రం అమ్మకానికి లేదు. 

పేరు కొనేవాడు లేకపోతే టీమ్ పడిపోతుందని అనుకుంటాం. జరిగింది వేరు. కోచ్ ఎరిక్ బ్రాల్ చేతికింద 2016, 2017, 2018లో వరసగా మూడు టైటిల్స్. అప్పటిదాకా ఏ స్పాన్సర్ పేరుతోనూ వరసగా రెండేళ్లు కూడా గెలవని క్లబ్ అది. 2017–18లో ఫీబా యూరప్ కప్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లి, ఇటలీ జట్టు రేయర్ వెనీజియా చేతిలో ఓడింది. ఆ ఏడాది కప్పు వెనీజియాదే.

ఫ్లేమ్స్ చొక్కాలోనూ డోనార్ చొక్కాలోనూ ఆడిన జేసన్ డోరిసో అమెరికాలోని నెబ్రాస్కా నుంచి వచ్చినవాడు. పేర్లు మారినా ఆయన మారలేదు, జనం ఆయన్ని సొంత ఊరివాడిలాగే చూసుకున్నారు. ఆ మూడు టైటిల్స్ టీమ్‌లో ఆర్విన్ స్లాగ్టర్ కూడా ఉన్నాడు. ఈ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్ 3x3 బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఫ్రాన్స్‌ని వాళ్ల సొంత గడ్డ మీదే 18–17తో ఓడించిన నలుగురు డచ్ ఆటగాళ్లలో ఒకడు. చివరి షాట్ వేసిన వర్దీ డి యాంగ్ ఎన్నో ఏళ్లు లైడెన్‌కి ఆడినవాడు. దేశంలో ఫుట్‌బాల్ నీడలో, ఏటా పేరు అమ్ముకుంటూ బతికిన చిన్న చిన్న క్లబ్బుల్లోంచి ఒలింపిక్ బంగారం వచ్చింది.

2021 నుంచి డచ్, బెల్జియం క్లబ్బులు కలిసి ఒకే లీగ్ ఆడుతున్నాయి. నేను చూసిన మ్యాచ్ అందులోదే. 

టీమ్ అంటే ఎవరు?

డేటాబేస్‌లో పని చేసేవాళ్లకి మొదటి వారంలోనే ఒక పాఠం చెబుతారు: పేరుని ఎప్పుడూ ప్రైమరీ కీ చేయొద్దు. పేర్లు మారతాయి. మారని నంబర్ ఏదో వెనకాల ఉండాలి. మరి ఒక టీమ్‌కి ఆ మారని నంబర్ ఏది? 

రిజిస్ట్రేషన్ కాగితం అనొచ్చు. హైదరాబాద్‌లో మనకా లెక్క తెలుసు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ వేరు, 2013లో వచ్చిన సన్‌రైజర్స్ వేరు. ఊరు అదే, ఉప్పల్ స్టేడియం అదే, యజమాని వేరు. కాగితం ప్రకారం ఆ 2009 కప్పు ఇప్పుడు ఎవరిదీ కాదు. అయినా ఉప్పల్‌లో పక్క సీటాయన్ని అడిగి చూడండి, "మనం రెండు గెలిచాం" అంటాడు.

నా మొదటి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో. చేరిన రెండేళ్లలో దాన్ని ఒకరు కొన్నారు, వాళ్లని ఇంకొకరు కొన్నారు. గేటు మీద బోర్డు, మెడలో ట్యాగ్, ఈమెయిల్ ఐడీ రెండుసార్లు మారాయి. కొత్త పేరొచ్చిన ప్రతిసారీ టీషర్టు ఇచ్చి, కేక్ కోశారు. మూడో పేరు కేక్ తిన్న రెండు వారాలకి మా పదకొండు మందిలో నలుగుర్ని పంపించేశారు. అందులో నాకు పని నేర్పిన అన్న ఒకడు. ఆ రోజు నుంచి ఏ కంపెనీ పేరు మీదా నాకు మనసు నిలవలేదు. ట్యాగ్ వేసుకోవడం, తీసేయడం, అంతే.

గ్రోనింగెన్‌లో ఆ స్కార్ఫ్‌లు చూశాక కాస్త తేడాగా అనిపించింది. వాళ్లు కంపెనీ పేర్లని ప్రేమించలేదు, ఆ పేర్లు ఉన్న రోజుల్ని దాచుకున్నారు. డబ్బు ఇచ్చినవాడు వచ్చాడు, పోయాడు. పక్క సీట్లో ఉన్నవాడు పోలేదు. పదకొండేళ్ల తర్వాత పాత పేరు తిరిగొచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టడానికి జనం ఉన్నారు. అందుకే అది తిరిగి రాగలిగింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో టీమ్ మూతపడితే ఆ అదృష్టం కూడా దక్కలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఒక డోనార్ స్కార్ఫ్ కొనుక్కున్నా. హైదరాబాద్ ఎండలకి దాంతో పనేముంటుంది, అల్మారాలో ఉంది. పక్కనే ఆ మొదటి కంపెనీ మొదటి టీషర్ట్. ఇప్పుడు ఆ పేరుతో కంపెనీ లేదు. మా పదకొండు మంది వాట్సాప్ గ్రూప్‌కి మాత్రం ఇప్పటికీ అదే పేరు. మొన్న ఆ అన్నకి పాప పుట్టింది. ఫొటో మొదట పెట్టింది అందులోనే.