చుక్క బరువు

 

సెలవులు వచ్చాయంటే మన ఇళ్లలో ఇప్పుడు ఒక చక్కని సందడి కనిపిస్తోంది. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, రంగులూ కుంచెలూ ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు. కాన్వాసు మీద బిస్మిల్లాహ్, చెక్కపలక మీద ఆయతుల్ కుర్సీ, గాజు మీద అల్లాహ్ శుభనామాలు వ్రాస్తున్నారు. ఆపా నికాహ్‌కు, అన్న బిడ్డ అఖీఖాకు, ఖాలా కొత్త ఇంటికి వాటిని కానుకగా ఇస్తున్నారు. వీరిలో చాలామంది ఏ ఉస్తాదు ముందూ కూర్చున్నవారు కారు. ఫోనులో చూసినదే పాఠం, ఇంట్లోని బల్లే కార్ఖానా. పని పూర్తి కాగానే బంధువులకు ఫోటో పంపుతారు. క్షణాల్లో 'మాషా అల్లాహ్'ల వర్షం కురుస్తుంది.

ఈ అభిరుచిని గురించి మా వద్దకు రెండు వైపుల నుండి ప్రశ్నలు వస్తున్నాయి. "ఇది కాలయాపన కాదా?" అని పెద్దలు అడుగుతున్నారు. "మేము చేసినది ఎలా ఉంది?" అని పిల్లలు అడుగుతున్నారు. పిల్లల ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగితే పెద్దల ప్రశ్న దానంతటదే తీరిపోతుందని మేము భావిస్తున్నాము. అందుకే ఈ నెల ఆ రెండో ప్రశ్ననే తీసుకుంటున్నాము.

చేతిపనిని మన ధర్మం ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ఇనుముతో కవచాలు తయారు చేసేవారు. ఆ కవచపు వలయాలను సరైన కొలతతో కూర్చమని ఆయనకు ఆజ్ఞ అయిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరాలో ఉంది. రాజ్యమేలిన ప్రవక్తకు సైతం చేతిపనిలో కొలత పాటించమనే బోధ అందిందన్నమాట. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్లు పదును చేసేవారు, కుట్టుపని చేసేవారు. ఆ సంపాదనను పేదలకు పంచేవారు. కనుక చేతులు పని చేస్తున్నాయంటే ఆ ఇంట కాలం వృథా అవుతోందని తొందరపడి అనకూడదు.

ఇక అందమైన వ్రాత విషయానికి వద్దాం. దీనినే మన పెద్దలు ఖత్తాతీ అన్నారు, ఖుష్‌నవీసీ అన్నారు. 10వ శతాబ్దంలో బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాల వద్ద వజీరుగా పనిచేసిన ఇబ్నె ముఖ్లా ఈ కళకు కొలతలు ఏర్పరచిన వానిగా ప్రసిద్ధుడు. ఆ కొలతకు ఆధారం చుక్క. రెల్లు కలపు పాళీని ఏటవాలుగా ఆనించి కొద్దిగా లాగితే వజ్రం ఆకారంలో ఒక చుక్క పడుతుంది. అలిఫ్ ఎత్తు ఎంత, బే పొడవు ఎంత, నూన్ గిన్నె ఎంత లోతు అన్నవన్నీ ఆ చుక్కలతోనే లెక్కిస్తారు. నస్ఖ్ శైలిలో అలిఫ్ దాదాపు ఐదు చుక్కల ఎత్తు, సులుస్‌లో దాదాపు ఏడు చుక్కల ఎత్తు ఉంటుంది. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతో పాటు అక్షరమంతా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కానీ పాళ్లు మారవు.

సిరాను దీపపు మసితోనూ తుమ్మ జాతి చెట్ల జిగురుతోనూ కలిపేవారు. సిరాబుడ్డిలో కొద్దిగా పట్టుపీచు వేసేవారు. కలం అవసరానికి మించి సిరా పీల్చకుండా, పాళీ బుడ్డి అడుగున తగిలి చెడకుండా ఆ పీచు కాపాడుతుంది. కాగితానికి గంజి, గుడ్డు తెల్లసొన పట్టించి, నున్నని రాతితో మెరుగు పెట్టేవారు. అటువంటి కాగితం మీద తప్పు పడితే తడిపి తుడిచి దిద్దుకోవచ్చు. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మహా నిపుణులు సైతం దిద్దుబాటుకు వీలుండేలా కాగితాన్ని సిద్ధం చేసుకున్నారు.

ఈ కళ స్త్రీలకు కొత్తదేమీ కాదు. 12వ శతాబ్దపు బాగ్దాదులో షుహ్దా అనే విదుషీమణి ఉండేవారు. ఆమె తండ్రి ఇంటిపేరు 'అల్ ఇబరీ'. అది సూదుల పనితో ముడిపడిన పేరు. ఆమె తన చేతివ్రాత వల్ల 'అల్ కాతిబా' అనిపించుకున్నారు. అంతకు మించి, ఆమె హదీసు బోధకురాలు. ఎందరో విద్యార్థులు ఆమె వద్ద హదీసులు విని వెళ్లారు. 1178లో ఆమె కన్నుమూశారు. వ్రాసే చెయ్యి, చదివే కన్ను ఒకే మనిషిలో ఉండటం ఆమె ప్రత్యేకత. నేటి మన ఇళ్లలోని ఖత్తాతీలో ఈ రెండూ వేరుపడిపోతున్నాయేమోనని మాకు దిగులు. ఎందుకంటారా? ఒక సంగతి చెబుతాము.

మా మదరసాలో సాయంత్రపు తరగతికి ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి వస్తుంది. మేనత్త కూతురి నికాహ్‌కు కానుకగా ఒక పెద్ద కాన్వాసు మీద బిస్మిల్లాహ్ వ్రాసింది. ముదురు నీలం నేల మీద బంగారు అక్షరాలు. మూడు వారాలు పట్టింది. అక్షరాల మధ్య ఖాళీలు వెలితిగా తోచి, అక్కడక్కడా బంగారు చుక్కలతో నింపింది. ఫోటో కుటుంబమంతా తిరిగింది. నలభై మందికి పైగా చూశారు, మెచ్చుకున్నారు. ఇద్దరు తమకూ ఒకటి కావాలన్నారు.

నికాహ్ ముందురోజు సాయంత్రం, చూపు మందగించిన ఆమె దాదీ ఆ కాన్వాసును దగ్గరకు తెప్పించుకున్నారు. "నాకు సరిగా కనపడదు, వేలు పెట్టి చదివి వినిపించు బిడ్డా" అన్నారు. అమ్మాయి ఒక్కొక్క అక్షరం మీద తన వేలితో పాటు దాదీ వేలినీ నడిపిస్తూ చదివింది. చివరి పదం వద్దకు వచ్చేసరికి దాదీ వేలు ఆగింది. 'రహీమ్' అన్న పదంలోని హే అక్షరం కడుపులో ఒక బంగారు చుక్క ఎత్తుగా తగిలింది.

"ఇదేమిటి?"

"అది అక్షరం కాదు దాదీ, ఊరికే అందం కోసం."

"అందం కోసం పెట్టావని చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?"

అరబీ చదవగలిగినవారికి విషయం ఈపాటికే అర్థమై ఉంటుంది. హే కడుపులో చుక్క పెడితే అది జీమ్ అవుతుంది. 'రహీమ్' కాస్తా 'రజీమ్' అవుతుంది. మొదటిది కరుణామయుడైన ప్రభువు నామం. రెండోది మనం షైతాను నుండి శరణు వేడేటప్పుడు వాడికి తగిలించే మాట, బహిష్కృతుడని అర్థం. ఒక్క చుక్క ఇంత దూరం తీసుకుపోగలదు.

అమ్మాయి వణికిపోయింది. "నీకెందుకీ పనులన్నాను కదా, రంగులన్నీ తీసి పారేయి" అని తండ్రి మందలించారట. మగ్రిబ్ తరువాత ఆ కాన్వాసును దుపట్టాలో చుట్టుకుని తల్లితో కలిసి మా ఇంటికి వచ్చింది. తాను పెద్ద పాపం చేశానా అని అడిగింది. తెలియక జరిగిన దానికి క్షమాపణ వేడుకుని, తెలిసిన వెంటనే దిద్దుకుంటే చాలునని చెప్పాము. నీలం రంగుతో ఆ చుక్కను కప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కానుక మరుసటి రోజు అందవలసిన చోటికి అందింది.

చుక్క తొలగిపోయింది కానీ ఒక ప్రశ్న మాత్రం మా మనసులో మిగిలింది. నలభై మందికి పైగా చూసిన పదాన్ని ఒక్కరూ ఎందుకు చదవలేదు? వారిలో ఖుర్ఆన్ నాజిరా పూర్తి చేసినవారు లేరా? ఉన్నారు. అయితే వారు చూసినది బంగారు రంగును. అక్షరాన్ని చూడలేదు. చదవకుండా చెప్పిన 'మాషా అల్లాహ్' ఆ అమ్మాయికి సంతోషాన్నిచ్చింది కానీ సాయపడలేదు. చూపులేని దాదీ ఒక్కరే సాయపడ్డారు. చేతితో చేసిన దానిని మన ముందు పెట్టినవారు మన మెప్పును మాత్రమే కోరడం లేదు, మన కన్నును అరువు అడుగుతున్నారు. ఆ కన్ను ఇవ్వకుండా మెప్పు మాత్రమే ఇస్తే అది సగం మర్యాదే.

మరి చదవడం రాకుండా అక్షరాన్ని గీస్తున్నవారు ఏం చేయాలి? మన హైదరాబాదులోనే ఇందుకు ఒక ఉదాహరణ ఉంది. అనిల్ కుమార్ చౌహాన్ అనే చిత్రకారుడు సైన్‌బోర్డులు వ్రాసే వృత్తితో జీవితం మొదలుపెట్టారు. తొలినాళ్లలో ఆయనకు ఉర్దూ రాదు. దుకాణదారులు ఇచ్చిన అక్షరాలను బొమ్మలు గీసినట్లు గీసేవారు. అంతటితో ఆగిపోలేదు. ఆ గీతల అర్థం తెలుసుకోవాలని ఉర్దూ చదవడం, వ్రాయడం నేర్చుకున్నారు. తరువాత అనేక మసీదుల గోడల మీద ఖుర్ఆన్ వాక్యాలు వ్రాసి పేరు పొందారు. ముస్లిమేతరుడైన ఒక చిత్రకారుడు తాను గీసేది చదవగలగాలని అంత శ్రమ పడ్డారు. బాల్యం నుండి ఖాయిదా చేతిలో పట్టుకున్న మనకు ఆ శ్రమ సగమైనా అవసరం లేదు.

ఖత్తాతీలో పూర్వం నుండీ ఒక పద్ధతి ఉంది. ఉస్మానీ సంప్రదాయంలో అది బాగా స్థిరపడింది. శిష్యుని మొదటి పాఠం, పనిని సులభం చేయమని ప్రభువును వేడుకునే ఒక చిన్న దుఆ. ఉస్తాదు వ్రాసి ఇచ్చిన దానిని శిష్యుడు మళ్లీ మళ్లీ వ్రాసి తెస్తాడు. ఉస్తాదు దాని కిందనే దిద్ది చూపుతారు. ఏళ్ల సాధన ముగిశాక శిష్యుడు ఒక పెద్ద ఉస్తాదు వ్రాతకు నకలు వ్రాస్తాడు. దాని అడుగున ఉస్తాదు తన చేతితో ఇజాజత్ వ్రాస్తారు. అప్పటి నుండే శిష్యుడు తన వ్రాత కింద తన పేరు పెట్టుకోవచ్చు. హదీసుకు సనద్ ఉన్నట్లే ఇక్కడ వ్రాతకూ ఒక గొలుసు ఉంది. ఎవరి నుండి నేర్చుకున్నాము, ఎవరు సరిచూశారు అన్నది ఆ గొలుసు చెబుతుంది.

మన ఇళ్లలో సరదాకు వ్రాసుకునే పిల్లలందరినీ ఉస్తాదు వద్దకు పంపడం సాధ్యం కాకపోవచ్చు. కానీ ఆ గొలుసులోని మర్యాదను ఇంటికి తెచ్చుకోవచ్చు. కొన్ని సూచనలు చేస్తున్నాము.

ఏ వాక్యం వ్రాయదలచినా ముందు ఇంట్లోని ముస్‌హఫ్ తెరచి, అక్కడి నుండి చూసి కాగితం మీద పెన్సిలుతో వ్రాసుకోండి. ఫోనులోని బొమ్మ అక్షరాల పొందిక కోసం మాత్రమే, వాక్యం కోసం కాదు. అక్షరపు చుక్కలన్నీ ముందు పెట్టి, లెక్క చూసుకుని, ఆ తరువాతే అలంకారం జోలికి వెళ్లండి. అలంకారానికి చుక్కలు వద్దు. ఆకులు, తీగలు, పువ్వులు ఎన్నో ఉన్నాయి.

పని పూర్తయ్యాక ఫోటో తీసే ముందు, వ్రాయని మనిషి ఒకరిచేత వేలు పెట్టి బిగ్గరగా చదివించండి. వ్రాసినవారి కన్ను తాను వ్రాయదలచుకున్నదే చూస్తుంది, వ్రాసినది చూడదు. అమ్మీ, దాదీ, మసీదు ఇమాము గారు, తమ్ముడు, ఎవరైనా సరే.

కాన్వాసు వెనుక నాలుగు పంక్తులు వ్రాయండి: సూరా పేరు, ఆయతు సంఖ్య, ఎవరి నమూనా చూసి వ్రాశారో వారి పేరు, చదివి సరిచూసినవారి పేరు, తేదీ. ఇతరుల నమూనాను తనదిగా చూపుకోవడం అమానతులో లోటు. పేరు చెప్పుకుంటే మీ పని విలువ తగ్గదు, పెరుగుతుంది.

సాధన కోసం ఆయతులు కాక విడి అక్షరాలు వ్రాయండి. అల్లాహ్ నామం ఉన్న సాధన కాగితాలను చెత్తలో వేయకండి. తినే పళ్లేల మీద, కాలికింద పరిచేవాటి మీద పవిత్ర వాక్యాలు వ్రాయకండి.

పెద్దలకు మరొక్క మాట. "ఇంట్లో చేసినదే కదా" అని ఊరికే అడిగి పుచ్చుకోకండి. కాన్వాసుకు ఖర్చుంది, రంగుకు ఖర్చుంది, మూడు వారాల చూపుకు విలువ ఉంది. తప్పు దొరికినప్పుడు పని మానిపించడం సులువైన దారి. కానీ ఆ అమ్మాయి ఆ రాత్రి కుంచెలు పారేసి ఉంటే చుక్క గురించి తెలుసుకున్నది కూడా వాటితోనే పోయేది. ఇప్పుడామె తరగతికి వచ్చే చిన్నపిల్లలకు హే, జీమ్, ఖేల తేడా తానే నేర్పుతోంది. ఆ మూడింటి ఆకారం ఒకటే, తేడా అంతా చుక్కలోనే ఉంది. ఆ పాఠం ఆమె చెప్పినంత శ్రద్ధగా మేము కూడా చెప్పలేము.

కాబట్టి ఈ సెలవుల్లో మీ ఇంటి పిల్లలు ఏదైనా వ్రాసి మీ ముందుకు తెస్తే, ఫోను పక్కన పెట్టండి, కళ్లజోడు పెట్టుకోండి, మొదటి అక్షరం నుండి చివరి అక్షరం వరకు చదవండి. 'మాషా అల్లాహ్' అనడం ఆ తరువాత.

మన పిల్లల చేతులకు నైపుణ్యాన్ని, మన కళ్లకు ఓపికను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.